జయపాల్ ఇంట్లో ఏడ్చే కంప్యూటర్

తిమ్మాజిపేటలో పొద్దుగూకితే జయపాల్ ఇంటి సందులోంచి ఎవరూ పోరు. ఎంత చుట్టైనా సరే, పెద్ద రోడ్డు మీదుగానే పోతారు. తాగి తూలుతూ వచ్చేవాళ్లకు కూడా ఆ సందు మొదట్లోకి రాగానే మత్తు దిగిపోతుందని చెప్పుకుంటారు.

ఆ ఇంట్లో ఎవరూ ఉండరు. తలుపుకు తాళం. కానీ కరెంటు పోయి వచ్చిన ప్రతి రాత్రీ... లోపల ఏదో గుర్రుమంటుంది. కిటికీ సందులో నీలం వెలుగు కనబడుతుంది. ఆ తర్వాత — ఠంగ్... ఠంగ్... ఠంగ్... ఎవరో పిలిచి, జవాబు రాక మళ్లీ మళ్లీ పిలిచినట్టు ఉంటుంది.

మొదట్లో అదీ కాదట. జయపాల్ పోయిన కొత్తలో ఆడమనిషి ఏడుపు వినబడేదట. రాగం తీసి, ఎవరిదో పేరు పెట్టి ఏడ్చే ఏడుపు, ఆ పేరేమిటో మాత్రం ఎవరికీ సరిగ్గా తెలిసేది కాదట. తాళం వేసిన ఇంట్లో ఆడమనిషి ఎక్కణ్నుంచి వస్తుంది?

జయపాల్ ఆ ఇంట్లోనే ఒక గదిలో కంప్యూటర్ పెట్టుకుని పెళ్లి వీడియోలు, చావు వీడియోలు మిక్సింగ్ చేసేవాడు. ఒక రాత్రి పని చేస్తూ చేస్తూ, కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే గుండె ఆగి పోయాడు. తెల్లారి భార్య స్వరూప టీ గ్లాసుతో పోయి చూస్తే మనిషి చల్లబడి ఉన్నాడు, స్పీకర్లలో మాత్రం ఆ ఏడుపు మోగుతూనే ఉంది. దినాలు కాగానే ఆమె ఇంటికి తాళం వేసి నాగర్‌కర్నూల్‌లోని పుట్టింటికి వచ్చేసింది.

ఊళ్లో జనం ఊరుకుంటారా? చావు వీడియోల్లో కలపడానికి శోకం రికార్డు చేసుకోవాలని ఎవరో ముసలామెను పిలిపించి, సరదాకు తన పేరే పెట్టి ఏడిపించుకున్నాడని, అందుకే పోయాడని అన్నారు. అడ్డుకోకుండా పెళ్లాం ఏం చేస్తున్నదని కూడా అన్నారు. ఆ రెండో మాటే స్వరూపను తినేసింది.

ఆ కంప్యూటర్‌ను వదిలించుకోవాలని ఆమె నాగర్‌కర్నూల్ బస్టాండు వెనకున్న శ్రవణ్ కుమార్ దుకాణానికి పోయింది. అతను కంప్యూటర్లు బాగు చేస్తాడు.

"అంత తుడ్సేసి అమ్మిపెట్టు తమ్మీ. దాన్ని తల్సుకుంటెనే నా పానం పోతది."

"దాంట్ల కావల్సినయి ఏమన్న ఉన్నయా అక్కా?"

"ఏముంటయి... పెండ్లిళ్లు, సావులు. బాలమ్మ అని ఒక ముసలమ్మ ఏడ్పు."

శ్రవణ్ చేతిలోని స్క్రూడ్రైవర్ ఆగిపోయింది. బాలమ్మ అతని నాయనమ్మ.

చుట్టుపక్కల ఎవరింట్లో చావైనా బాలమ్మకు కబురు వచ్చేది. శవం పక్కన కూర్చుని, పోయిన మనిషి పేరు పెట్టి, ఆ మనిషి బతుకంతా రాగంలో చెప్పి ఏడ్చేది. అలా ఏడిస్తేనే పోయినవాళ్లు నిమ్మళంగా పోతారని ఆ పక్క నమ్మకం. అంతమందిని సాగనంపిన మనిషికి, తను పోయిన రోజు అలా ఏడ్చే గొంతే లేకపోయింది. కోడళ్లు కన్నీళ్లు పెట్టుకున్నారు గానీ, వాళ్లకు రాగం రాదు.

అప్పుడు శ్రవణ్ హైదరాబాద్‌లో పని చేస్తున్నాడు. "జర బాగలేదు, దవాఖానల ఉంది" అని ఫోను వస్తే బయల్దేరాడు. జడ్చర్లలో బస్సు మారుతూ బత్తాయిలు కొన్నాడు. చిన్నప్పుడు నాయనమ్మకు ఎవరైనా బత్తాయి ఇస్తే ఒలిచి, సగం తను తిని, సగం కొంగులో దాచి తెచ్చి అతనికి పెట్టేది. అతను ఊరు చేరేసరికి ఆమెను మట్టి చేసి అందరూ ఇళ్లకు వచ్చేశారు.

ఒక్కడే ఆమెను పూడ్చిన బొందలగడ్డకు పోయాడు. ఆ పండ్లు తడి మట్టి మీద పెట్టాడు. అక్కణ్నుంచి వచ్చేటప్పుడు వెనక్కి చూడకూడదంటారు. చూస్తే పోయినవాళ్ల కాళ్లు కదలవంటారు. అతను మాత్రం చూసుకుంటూ చూసుకుంటూనే వచ్చాడు. బత్తాయిల సంగతి ఎవరికీ చెప్పలేదు, భార్య సరితకు కూడా చెప్పలేదు.

ఆ తర్వాత అతను ఇటే వచ్చి దుకాణం పెట్టుకున్నాడు. నాయనమ్మ ఫొటోలు ఉన్నాయి. గొంతు మాత్రం ఎక్కడా లేదు. పాత ఫోన్లన్నీ వెతికాడు. "శ్రవణూ, తిన్నవా" అన్న ఒక్క మాట దొరికినా చాలనుకునేవాడు. ఇప్పుడు ఆ గొంతు తిమ్మాజిపేటలో, దెయ్యం ఉందని పేరుపడ్డ ఇంట్లో ఉందని తెలిసింది. ఇంక ఆగుతాడా?

"బాలమ్మ మా నాయనమ్మనే అక్కా. ఆ కంప్యూటర్ దుకాణానికి పట్టుకరారాదా?"

"ఆటోవాళ్లు ముట్టమన్నరు. పగటి పూట తాళం తీస్తె ఊరంత గుమిగూడుతది. పొద్దుగూకినంక పోదం."

అలాగే పోయారు. స్వరూప తాళం తీసి గడప బయటే నిలబడిపోయింది. "నేను రాను తమ్మీ. ఈడనే కూసుంట."

లోపల మూసిన గది వాసన. సీపీయూ మీద ఎండిపోయిన నిమ్మకాయలు, కుంకుమ బొట్లు. కీబోర్డు మీటల సందుల్లో పసుపు బియ్యం. యూపీఎస్ బ్యాటరీ ఉబ్బిపోయి ఉంటే, శ్రవణ్ దాన్ని తీసి పక్కన పెట్టి, వైర్లు నేరుగా గోడ బోర్డుకు తగిలించాడు. స్విచ్ వేశాడు.

అతను ఇంకేమీ నొక్కలేదు... కంప్యూటర్ గుర్రుమని లేచింది.

ఉలిక్కిపడి చేయి వెనక్కి తీసుకున్నాడు. తర్వాత నవ్వొచ్చింది. కరెంటు రాగానే దానంతట అదే మొదలయ్యేలా, తన ప్రోగ్రాంలు కూడా వాటంతటవే తెరుచుకునేలా జయపాల్ పెట్టుకున్నాడు. చాలామంది పెట్టుకుంటారు. ఇదేనా ఊరంతా వణికిన దెయ్యం?

ఠంగ్...

తెర మీద ఒక డబ్బా వచ్చింది. ఫలానా డీఎల్ఎల్ ఫైలు కనబడటం లేదు, ప్రోగ్రాం మొదలు కాదు. దాన్ని మూస్తే — ఠంగ్ — మిక్సింగ్ ప్రోగ్రాం కూడా అదే మాట. ఫొటోల ప్రోగ్రాం కూడా అదే మాట.

"ఏమైంది తమ్మీ?" బయట నుంచి గుసగుసగా వచ్చింది.

"ఒక్క ఫైలు లేదక్కా, గంతే. మన ఊళ్లల్ల పెండ్లి వంటల గుండిగలు అందరికి కలిపి ఉంటయి సూడు, గట్లాంటిది. ఎవరికి వంటయినా అవే కావాలె. అది లేకపోయేసరికి అన్ని ప్రోగ్రాంలు ఒకటే మొత్తుకుంటున్నయి."

"మా అన్న హన్మంతు వచ్చిండె తమ్మీ. నిమ్మకాయలు కోయించి, ఏడ్పు ఫైలు తీసేసిన అన్నడు. ఏడ్పు బందయింది... ఠంగ్ ఠంగ్ మొదలైంది."

శ్రవణ్ గట్టిగానే నవ్వాడు. దెయ్యాన్ని తుడిచేయబోయి, హన్మంతన్న అందరి గుండిగను బావిలో పడేశాడు. ఏడుపు ఎక్కడుందో అక్కడే ఉంది. దాన్ని వినిపించే ప్రోగ్రాంకే నోరు పడిపోయింది.

రీసైకిల్ బిన్‌లో చూశాడు. హన్మంతు దాన్నీ ఖాళీ చేసి పోయాడు. తన ల్యాప్‌టాప్‌లో అదే పేరుతో ఫైలు ఉంటే తెచ్చి పెట్టాడు. మళ్లీ ఠంగ్. జయపాల్‌ది పాతకాలం విండోస్, కొత్తదాని ఫైలు దానికి అతకదు. ఇలాంటివి ఊరికే ఇస్తామనే వెబ్‌సైట్లు బోలెడు ఉంటాయి గానీ, వాటిని నమ్మితే దొంగను పిలిచి తాళంచెవి ఇచ్చినట్టే. ఆ ఫైలు ఏ ప్రోగ్రాంతో వచ్చిందో దాన్నే మళ్లీ ఎక్కించాలి. సొరుగు లాగితే, పాత పెళ్లి కార్డుల అడుగున జయపాల్ చేతిరాతతో సీడీ దొరికింది.

ఎక్కించాడు. ఆపి, మళ్లీ మొదలుపెట్టాడు.

ఈసారి ఠంగ్ లేదు. గదిలో ఎంత నిశ్శబ్దం అంటే, బయట స్వరూప ఊపిరి వినబడుతోంది.

బాలమ్మ పేరుతో ఉన్న ఫైలు కనబడింది. ముందు కాపీ చేసుకుందామని పెన్‌డ్రైవ్ గుచ్చాడు. గుచ్చాడు గానీ... మనసు ఆగలేదు. నొక్కేశాడు.

మొదట జయపాల్ గొంతు. నవ్వుతున్నాడు. "ఎవరి పేరైతేందవ్వా, నేను తర్వాత కట్ చేసుకుంట. నా పేరే పెట్టు."

తర్వాత — ఆమె.

"తప్పు బిడ్డా. పేరు లేని ఏడ్పు ఇంట్ల ఉండదు, ఎవరిదో ఒకరిది అడుగుతది. నువ్వు పెండ్లాం ఉన్నోనివి. నా పేరే పెట్టుకుంట తీయ్..."

గడప బయట స్వరూప వెక్కివెక్కి ఏడ్చింది. "ఆయన పేరు పెట్టలె... తమ్మీ, ఆయన పేరు పెట్టలె." ఇన్నాళ్లూ ఊరి మాటలు మోసిన మనిషికి గుండె కొంచెం తేలికైంది.

శ్రవణ్‌కు ఆ మాటలు చెవిన పడలేదు. అదే గొంతు. కొంచెం బొంగురు, మాట చివర చిన్న దగ్గు. కళ్లు మూసుకుని వింటున్నాడు. స్పీకర్లలో రాగం లేచింది.

"ఓ బాలమ్మో... ఊళ్ల పీనుగులన్ని ఏడ్సినవు... నీ పీనుగు కాడ ఏడ్సెటోళ్లు లేకపోయిరి బాలమ్మో..."

అతనికి కన్నీళ్లు ఆగలేదు.

"మట్టి తడి ఆరకముందె వస్తివా నా కొడకో... బత్తాయిలు తెస్తివా శ్రవణూ... ఎవరికి పెడ్తివి, ఎవరు ఒలువాలె కొడకో..."

కన్నీళ్లు ఆగిపోయాయి.

"అక్కా..." అన్నాడు మెల్లగా, "ఇది ఎప్పుడు రికార్డు చేసిండు?"

"బతుకమ్మ ముందట. మీ నాయనమ్మ మరుసటి ఎండకాలంల గదా పోయింది."

పోకముందే చెప్పిందా...? బొందలగడ్డలో ఆ వేళ నరపురుగు కూడా లేదు. అతనూ, ఆ మట్టీ, ఆ పండ్లూ, అంతే.

అప్పుడే కరెంటు పోయింది.

తెర ఆరిపోయింది. ఫ్యాన్ చప్పుడు ఆగిపోయింది. సందంతా, ఊరంతా చీకటి. బ్యాటరీ కూడా లేదు — తన చేతులతోనే తీసి పక్కన పెట్టాడు.

గొంతు మాత్రం ఆగలేదు.

"నాకు నేనే ఏడ్సుకుంటి... ఇగ పోత కొడకో... ఆనాడు ఎనక్కు సూస్తివి, నా కాళ్లు కదలకపాయె... ఈ తాప సూడకుండ పో..."

"తమ్మీ..." స్వరూప గడప బయట లేచి నిలబడింది. "కరెంటు పోయింది గదా... ఇంక ఇనబడుతుందేంది?"

శ్రవణ్ లేచి తలుపు వైపు తిరిగాడు. అప్పుడు గుర్తొచ్చింది — పెన్‌డ్రైవ్ కంప్యూటర్‌కే ఉంది. కాపీ ఇంకా చేసుకోలేదు. ఒక్కసారి వెనక్కి తిరిగితే చాలు. ఈ గొంతు కోసమే కదా ఇంత దూరం వచ్చాడు. ఇది పోతే మళ్లీ ఎక్కడా దొరకదు.

వెనక కుర్చీ కిర్రుమంది. ఎవరో నెమ్మదిగా కూర్చున్నట్టు. గదంతా బత్తాయి తొక్క వాసన వచ్చింది.

అతను తిరగలేదు. తిరగాలని ప్రాణం కొట్టుకున్నా తిరగలేదు. ఆ రోజు చేయాల్సిన పని ఈ రోజు చేస్తున్నానని అనుకుంటూ, గోడ తడుముకుంటూ గడప దాటాడు. స్వరూప చేయి పట్టుకుని సందు దాటాడు. రోడ్డెక్కేదాకా ఆ రాగం వెంట వచ్చింది... అక్కడ సన్నబడి... ఆగింది. తాళం వేయలేదని ఇద్దరికీ ఆఖరి బస్సు ఎక్కాకే గుర్తొచ్చింది.

మర్నాడు పొద్దున స్వరూప ఫోను చేసింది. హన్మంతును వెంటబెట్టుకుని తాళం వేయడానికి తిమ్మాజిపేటకు పోయిందట.

"తమ్మీ, కంప్యూటర్ లేస్తలేదు. కరెంటున్నది, ఏం ఒత్తినా లేస్తలేదు."

"ఇగ లేవదక్కా. లేపకుండ్రి."

అవతల హన్మంతు ఆమెకు ఏదో చూపిస్తున్నట్టు వినబడింది.

"రాత్రి నువ్వు ఆడ ఏమన్న తింటివా?"

"లేదక్కా. ఎందుకు?"

"కీబోర్డు మీద బత్తాయి తొక్కలున్నయి. పచ్చిగనే ఉన్నయి. పండు ఒలిసి పెట్టి ఉంది..." ఆమె గొంతు తగ్గించింది. "సగమే ఉంది తమ్మీ."