చదవని రెండో జాబితా

మార్కాపురంలో ఓ ప్రైవేటు ఆసుపత్రి. ఉదయం ఏడున్నరకు మూడో అంతస్తు వార్డులో ఒక ఆడమనిషి చనిపోయింది. నాలుగు రోజుల కిందట తలకు దెబ్బతో తెచ్చారు. దగ్గరున్న ఆధార్ కార్డులో పేరు మల్లి, ఊరు హనుమంతునిపాడు.

ఆమె కోసం ఎవరూ రాలేదని నర్సులు చెప్పారు.

కార్డులోది పుట్టింటి ఊరు. పోలీసులు అక్కడ వాకబు చేసి, గిద్దలూరు బట్టల దుకాణంలో పనిచేసే కూతురు రూబీని పట్టుకునేసరికి ప్రాణం పోయింది. రూబీ శవాన్ని చూసి, తండ్రి మీదే కంప్లయింటు ఇచ్చింది.

"మా నాయనే వదిలేసినాడు మేడమ్. చస్తే చావనీ అనుకున్నాడు."

మధ్యాహ్నం ఎస్సై హేమలత అందరినీ రిసెప్షన్ దగ్గరికి పిలిపించింది. తండ్రి నిత్యానందం బేస్తవారిపేట కూలీ. కళ్లు పీక్కుపోయి ఉన్నాయి.

"ఇన్నాళ్లూ ఎక్కడున్నావు?"

"ఎతుకుతానే ఉండా అమ్మా. కూలీల ఆటో బోల్తా పడిందన్నారు. ముందు ఈడికే వచ్చినా. లేదన్నారు. కంభం పోయినా, గిద్దలూరు పోయినా. దొరికినాక చెబుదామని బిడ్డకు చెప్పలే."

"అబద్ధం!" అంది రూబీ.

హేమలత రిసెప్షనిస్టు సుస్మిత వైపు తిరిగింది. "వచ్చాడా?"

"రెండుసార్లు వచ్చినాడు మేడమ్. ఏసమ్మ అని అడిగినాడు. కంప్యూటర్లో రాలేదు. లేదని చెప్పినా."

"మల్లి అని ఎందుకు అడగలేదు?"

"అది కార్డులో పేరమ్మా. చర్చిలో, ఇంట్లో ఏసమ్మే. పెళ్లినాటి నుంచి అట్లనే పిలిచినా. మల్లి అని నాకు తోచనే లేదు."

హేమలత మల్లి అడ్మిషన్ స్క్రీన్ తెరిపించింది. కార్డు పేరు కింద ఇంకో గడి. పిలుపు పేరు: ఏసమ్మ. స్పృహలో ఉన్న కాసేపట్లో ఆమే చెబితే నర్సు ఎక్కించింది. వార్డులో అందరూ ఆ గడి చూశారు, ఎవరూ పట్టించుకోలేదు.

"పేరు లోపల ఉంది. వెతికితే ఎందుకు రాలేదు శ్రీకాంత్?"

సాఫ్ట్‌వేర్ రాసిన శ్రీకాంత్ ల్యాప్‌టాప్ తెరిచాడు. "ఇక్కడ చాలామందికి రెండు పేర్లని నర్సులు చెప్పారు మేడమ్. అందుకే ఏ పేరు కొట్టినా డేటాబేస్ రెండు జాబితాలు పంపేలా రాశాను. మొదటిది కార్డు పేర్లది. రెండోది పిలుపు పేర్లది."

"స్క్రీన్ రెండోది చదువుతుందా?"

అతను ప్రోగ్రామ్‌ను లైను లైనుగా చూశాడు. మొదటి జాబితా ఖాళీగా రాగానే ప్రోగ్రామ్ 'లేరు' అని చెప్పేస్తోంది. తర్వాతి జాబితా తెమ్మనే లైను అందులో లేదు. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. డేటాబేస్ కూడా అంతే.

"టెస్ట్ చేయలేదా?"

"చేశాను మేడమ్. నా పేరుతోనే. నాకు ఒకటే పేరు."

అతను ఆ లైను చేర్చాడు. మళ్లీ వెతికాడు. ఏసమ్మ, మూడో అంతస్తు, ఆరో బెడ్.

"నేను ఈ బెంచీ మీద కూర్చోని ఏడుస్తా ఉన్నప్పుడు పైనే ఉందా అమ్మా?" అని అడిగాడు నిత్యానందం.

"ఉంది," అంది హేమలత.

"నన్ను అడిగిందా?"

పేరు ఎక్కించిన వార్డు నర్సు కళ్లు ఒత్తుకుంది. "మా ఆయనకి చెప్పినారా అని అడిగింది పెద్దాయనా."

రూబీ తండ్రి కాళ్ల మీద పడి వెక్కి వెక్కి ఏడ్చింది. ఆయన ఆమె తల నిమిరాడు.

"నువ్వేం చేస్తావులే బిడ్డా. వాళ్లు లేదంటే నేనూ నమ్మినా. ఒక్కసారి మెట్లెక్కి చూసొచ్చింటే ఏం పోయె."