మసక తీసేసిన మ్యాపు

"నా మైనస్ ఎవరు తీసేశారండి?"

మాదాపూర్‌లో వాతావరణం లెక్కలు వేసే చిన్న కంపెనీ అది. వేణు అందులో కొత్తగా చేరిన కోడర్. తలెత్తి చూస్తే ఎదురుగా అదే టీమ్‌లో పనిచేసే దీవెన, ముక్కు మీద కోపంతో.

"నేనే. పొగ ముందల మైనస్ ఉండె మీ ఫైల్ల, అంటే పొగ చల్లగ చేస్తదని. టైపింగ్ మిస్టేక్ అనుకొని సరిచేసిన."

"సరిచేశారా? క్లయింట్ ముందు మ్యాపులో భూమి మొత్తం ఉడికిపోయిందండి."

ఆఫీసంతా నవ్వింది. సాయంత్రం తప్పు ఒప్పుకుని టీ ఇప్పిస్తానంటే, ఆమె అతన్ని టెర్రస్ మీదికి తీసుకెళ్లి కొత్తగూడ ఫ్లైఓవర్ మీద కమ్ముకున్న బూడిదరంగు మసకను చూపించింది.

"బొగ్గు, డీజిల్ కాలిస్తే వచ్చే సన్నటి రేణువులండి ఇవి. నల్ల మసి వేడిని పీల్చుకుంటుంది, నిజమే. మిగతావి ఎండను వెనక్కి కొట్టేస్తాయి. మొత్తం మీద చల్లబరచడమే ఎక్కువ. ఇవి లేకపోతే భూమి ఇంకో అర డిగ్రీ దాకా వేడెక్కేది."

"అంటే పొగ మంచిదేనా?"

"మా అమ్మ నర్సు. ఆస్తమా వార్డుకొచ్చి అడగండి ఆ మాట. ఇది వేడిని పోగొట్టదు, దాస్తుందంతే. గాలి శుభ్రం చేశాక దాచిందంతా బయటపడుతుంది. అయినా శుభ్రం చేయక తప్పదు."

వేణుకి సైన్సు సగమే ఎక్కింది. చెప్పే మనిషి మాత్రం పూర్తిగా ఎక్కేసింది.

వానాకాలానికల్లా ఒకే గొడుగు కింద మెట్రో దాకా నడిచేంత దగ్గరయ్యారు. అలా నడుస్తూనే ఓ రోజు అడిగింది.

"మేం చర్చికెళ్లేవాళ్లమని మీ అమ్మగారికి చెప్పారా?"

చెప్పలేదు. తల్లి సక్కుబాయి ఏమంటుందోనని భయం. పిరికివాడికి అబద్ధం ఎంత తేలిగ్గా నోటికొస్తుందో, అతనికీ అంత తేలిగ్గానే వచ్చింది.

"చెప్పిన. మన పెండ్లికి అమ్మ ఒప్పుకుంది. నువ్వేం ఫికర్ చెయ్యకు."

దీవెన గొడుగు కిందే సంతోషంతో ఏడ్చేసింది. ఆ తర్వాత ఇంటికి ఎప్పుడు రమ్మంటారని అడిగినప్పుడల్లా, అమ్మకి మోకాళ్ల నొప్పులని వాయిదా వేస్తూ వచ్చాడు. ఆమె అదీ నమ్మింది.

నమ్మింది కాబట్టే, ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక, నొప్పులతో ఉన్న పెద్దావిడను చూసి వద్దామని తల్లి దీనమ్మను వెంటబెట్టుకుని నిజాంపేట వచ్చింది. చేతిలో ఆపిల్ పళ్లు, నొప్పులకు రాసే తైలం.

తలుపు తీసిన సక్కుబాయి ఎగాదిగా చూసింది. "ఎవరమ్మా మీరు? ఎవరు గావాలె?"

దీవెన లోపలికి చూసింది. సోఫాలోంచి లేచిన వేణు తల దించుకున్నాడు.

"ఇల్లు పొరపాటు పడ్డామండి," అంది దీవెన. తల్లి చేయి పట్టుకుని మెట్లు దిగిపోయింది.

ఇక వేణుకి నిజం కక్కక తప్పలేదు. అంతా విన్న సక్కుబాయి నెత్తి కొట్టుకుంది.

"నేను వద్దంటనని ఎవరు జెప్పిన్రురా నీకు? ఒక్కపారన్న అడిగినవా? ఇంటికొచ్చిన తల్లీబిడ్డలకు మంచినీళ్లు గూడ ఇయ్యకుండ పంపిస్తిని. ఇగ నేనేం మొఖం పెట్టుకొని పోవాలె? నువ్వే పో. మా అమ్మ ఒప్పుకుందని జెప్పు."

ఆ రాత్రే కూర్చుని కొబ్బరి, బెల్లం పెట్టి గరిజెలు చేసి డబ్బాలో సర్ది ఇచ్చింది.

సోమవారం వేణు పరుగులాంటి నడకతో దీవెన సీటు దగ్గరికి వెళ్లాడు. ఆమె స్క్రీన్ మీద మసక తీసేసిన భూమి మ్యాపు అంచుల దాకా వేడితో ఎర్రగా ఉంది.

"దీవెనా, అమ్మ నిజంగనే ఒప్పుకుంది. ఇవి నీకోసమే పంపింది."

ఆమె ముఖంలో కోపం ఉన్నా బాగుండేది. అది కూడా లేదు.

"ఆ మాట గొడుగు కిందే చెప్పేశారు కదండీ. పడాల్సిన సంతోషమంతా అప్పుడే పడిపోయాను."

మళ్లీ మ్యాపు వైపు తిరిగింది.

"డబ్బా ఆ మధ్య టేబుల్ మీద పెట్టండి. టీమ్ అంతా తింటారు."