గుహ గోడకు గంధపు పూవు

తలకు కట్టుకున్న దీపం వెలుగు గోడ మీద పడగానే ఏదో తళుక్కుమంది. ఈశ్వరాచారి ఆగిపోయాడు. శనగబద్దంత బంగారు నాణెం, దాని మీద నాలుగు రేకుల గంధపు పూవు. వెయ్యేళ్ల కిందట ఈ తీరాలను ఏలిన శ్రీవిజయ రాజ్యపు నాణెం లక్కతో రాతికి అతికి ఉంది.

బొబ్బిలిలో కంసాలి పని చేసిన ఆచారికి ఈ నాణేల పిచ్చి ఇరవై ఏళ్లది. చిన్నవి దొరికాయి గానీ, చింతగింజంత పెద్దది మాత్రం చేజిక్కలేదు. దాని కోసమే మలేసియా వచ్చి, కెడా కొండల్లో ఈ గుహలో దూరాడు. దారి చూపడానికి వచ్చిన నూకాలు అక్కడి రబ్బరు తోటలో పుట్టి పెరిగిన తెలుగు మనిషి. గుహ లోపలి దారి మాత్రం ఆమెకీ కొత్తే.

"ఎవలు అంటించారో, ఎందుకంటించారో తెలీకుండా పీకేత్తారేటి బాబూ?" అంది నూకాలు.

ఆచారి వినే స్థితిలో ఉంటేగా. మలుపు మలుపుకీ ఒక నాణెం కనబడుతోంది. ఒక్కోదాన్నీ కత్తిమొనతో ఊడదీసి, కాగితంలో పొట్లం కట్టి, దొరికిన చోటు పొట్లం మీద రాసుకుంటూ పోయాడు. ఐదో మలుపులో చింతగింజంతది కనబడింది. దాన్నీ ఊడదీసి జేబులో వేసుకున్నాడు.

అప్పుడే కాళ్లకు నీళ్లు తగిలాయి. బయట వాన ముంచెత్తుతోంది. చూస్తుండగానే నీళ్లు మోకాళ్లు దాటాయి. వెనక్కి తిరిగితే మూడు సొరంగాలు, మూడూ ఒక్కలాగే ఉన్నాయి.

"దారి గుర్తులన్నీ మీ జేబులోనే ఉన్నాయి గదా బాబూ," అంది నూకాలు.

లక్క కొత్తదని, ఎవరో ఈమధ్యే అంటించారని ఆచారి వేళ్లకు ముందే తెలుసు. కంసాలి అయ్యుండి, ఆశలో పడి పట్టించుకోలేదు. సిగ్గుపడుతూనే పొట్లం తీసి చదివాడు. "ఐదు: నడిమి సొరంగం, కుడి గోడ, భుజం ఎత్తు."

నడిమి సొరంగంలో లక్క మరక కనబడింది. "పదండి," అంటూ నూకాలు ముందు నడిచింది. నడుం లోతు నీళ్లలో పొట్లాలు చదువుకుంటూ, ప్రతి మలుపు దగ్గరా లైటరుతో లక్క కరిగించి, నాణేన్ని తిరిగి అతికించాడు ఆచారి. పెద్దది మాత్రం జేబులోనే ఉండిపోయింది.

గుహ నోటి దగ్గర వెదురు నిచ్చెనతో ఒకతను కూర్చున్నాడు. గుహ కప్పు నుంచి, వంటకు వాడే పక్షి గూళ్లు కోసి అమ్ముకునే మనిషట, వాన తగ్గాక లోపలికి వెళ్తాడట.

"ఐదో మలుపు దాకా ఎల్తాడా?" అనడిగాడు ఆచారి.

నూకాలు మలయ్‌లో అడిగి తెలుసుకుంది. "రోజూ ఎల్తాడంట. ఆ నాణేలే ఆడి దారి గుర్తులంట."

ఆచారి జేబులోంచి పెద్ద నాణెం పొట్లం తీసి అతని చేతిలో పెట్టేశాడు. కళ్లు చెమర్చాయి, దాచుకోలేదు. అతను నాణెం కళ్లకద్దుకుని, తనకు రాని అక్షరాలున్న కాగితం తిరిగి ఇచ్చేశాడు.

బొబ్బిలిలో ఆచారి నాణేల ఆల్బం చూడడానికి వెళ్లిన వాళ్లకు ఆయన ముందుగా చూపించేది ఆ కాగితాన్నే. పెద్ద నాణేనికి వదిలిన గడిలో పెట్టుకున్నాడు.