దమయంతి రాసిన ముగింపు

పలాసలో వానాకాలం మధ్యాహ్నం. జీడిపప్పు బట్టీల పొగ పైకి లేవలేక వీధిలోనే కూర్చుంది. కరెంటు లేదు. ఈమధ్యే పోయిన డైరెక్టరు జోగారావు ఇంట్లో, వెనక గదిలో, ఆయన స్క్రిప్టుల పెట్టెల మధ్య దిలీప్ చాప వేసుకున్నాడు. సగం జుట్టు రాలిపోయేదాకా ఆయన దగ్గర అసిస్టెంటుగా చాకిరీ చేశాడు. ఇన్నాళ్ళకి సొంతంగా సినిమా తీయడానికి నిర్మాత దొరికాడు. సాయంత్రం లాడ్జిలో కథ చెప్పాలి. ఇది తప్పితే మరో అవకాశం రాదని తనకి తెలుసు.

కథ జోగారావుది కాదు. సంతబొమ్మాళి దగ్గర చేపలవాళ్ళ ఇంటి పిల్ల దమయంతి రాసిన నవల. సినిమా తీస్తానని తెచ్చుకుని ఆయన తీయలేదు, ఇంకొకరికి ఇవ్వనివ్వలేదు. పైగా చివరి అధ్యాయం చింపి బట్టీలో పడేసి, మొగుణ్ణి చంపిన పడవ యజమానిని నాయిక కన్నమ్మ క్షమించినట్టు తిరగరాశాడు. అది చదివిన రోజే దమయంతి సముద్రంలోకి నడిచి వెళ్ళిపోయింది. ఈయన మాత్రం సన్మానాలు చేయించుకుంటూ హాయిగా బతికాడు.

జోగారావు భార్య వరహాలమ్మ గుమ్మంలోంచే చెప్పింది. "కాయితాలు సూసుకో గానీ బాబూ, పైకి సదవకు. ఒంటిగా కథ సెప్తే ఊ కొట్టడానికి ఎవులో ఒకలు వస్తారు."

దిలీప్ నవ్వాడు. నిర్మాత ముందు తడబడకూడదంటే గొంతెత్తి చెప్పుకుని చూడాల్సిందే. సినిమావాళ్ళ అలవాటది. మొదలుపెట్టాడు.

"తెల్లారింది. కన్నమ్మ ఒడ్డున నిలబడింది..."

"ఊ..."

ముసలమ్మకి కథ పట్టిందనుకున్నాడు. హుషారొచ్చింది. ప్రతి మలుపుకీ ఊ. చెబుతూ చెబుతూ కిటికీలోంచి చూశాడు. వరహాలమ్మ వీధిలో, వానలో గొడుగు కింద, చేపలమ్మేదానితో బేరమాడుతోంది.

"ఊ..."

వెనకనుంచి. బాగా దగ్గరగా. తడి జుట్టు వాసన... నాచు వాసన...

తిరిగి చూడలేదు. ఆపితే ఏమవుతుందోనని చెబుతూనే పోయాడు. చివరి సీను వచ్చింది.

"కన్నమ్మ వాణ్ణి... క్షమించింది."

ఊ లేదు.

వాన చప్పుడు కూడా లేదు.

"కాదు," అంది చెవిలో ఒక గొంతు. "ఆడు నిద్దరోతంటే కన్నమ్మ వల ఏసింది. ఈడ్సుకుంటా సంద్రంలోకి ఎల్లిపోనాది. ఆడు ఏడిసినా ఆగలేదు... నాను రాసింది అదీ. అలాగే సెప్పు. నా పేరు సెప్పు."

దిలీప్ చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలో పడ్డాడు.

భయం ఒక పక్క, ఆశ ఒక పక్క. సాయంత్రం లాడ్జిలో ఆ ముగింపే చెప్పాడు. నిర్మాత ఢిల్లీశ్వరరావు తొడ చరిచాడు.

"అదిరిపోనాది తమ్ముడూ! ఎవులు రాసినారిది?"

చెబితే? హక్కులంటారు, ఆమె చుట్టాలొస్తారు, తగువులవుతాయి. నోటి దగ్గర కూడు జారిపోతుంది. అయినా చచ్చినావిడకి పేరెందుకు?

"నేనే సార్," అన్నాడు.

నాలుక కింద ఏదో గరగరలాడింది. దగ్గాడు. బల్లమీద తడి ఇసుక పడింది.

ఢిల్లీశ్వరరావు లేచి నిలబడ్డాడు. "ఏటిది?... ఏటి తిన్నావ్?"

చెప్పడానికి దిలీప్ నోరు తెరిచాడు. ఇంకో దోసెడు. దమయంతి అనబోయాడు, ఇప్పటికైనా... ఊపిరాడక బల్లమీదికి ఒరిగిపోయాడు. ఢిల్లీశ్వరరావు తలుపు తీసుకుని మెట్లమీద పరుగెత్తడం వినపడింది.

బల్లమీద ఇసుక కుప్ప కదిలింది. అందులోంచి బొటనవేలంత పీత పైకొచ్చింది. కాసేపు ఆగి, దిలీప్ నోటివైపు నడక మొదలుపెట్టింది.