టీ తాగొచ్చి చూస్తా

"మన ప్రోగ్రామును నెట్లో ఊరికే పెట్టేస్తావా?" ఉరుకుందు అరుపుకు ఆదోనిలోని ఆ కంప్యూటర్ సెంటర్లో ఫ్యాను కూడా బెదిరింది.

"ఊరికే కాదప్పా, ఊరందరికీ పెట్టినా," అంది జ్యోత్స్న. "మా నాయన పక్కింటి మగ్గం చూసే అంచు నేర్చుకున్యాడు. వాళ్ళేమన్నా తలుపేసుకున్యారా?"

తొమ్మిదేళ్ళ కిందటి మాట. చీర అంచు బొమ్మను నేతకు పనికొచ్చే గళ్ళుగా మార్చే ప్రోగ్రాము అది. ఇద్దరూ ఒకే కీబోర్డు మీద రాశారు. స్పేస్ బార్ ఉండేది గానీ, వేళ్ళ మధ్య స్పేసే ఉండేది కాదు. పక్కనున్న పత్తి మార్కెట్ యార్డు నుంచి ఎగిరొచ్చిన దూది ఆమె జడలో చిక్కుకుంటే, తీసిపెట్టడమే అప్పట్లో అతని ఫుల్ టైం జాబు.

అరిచిన ఆ రోజే ఉరుకుందు అలిగి, బెంగళూరు రైలెక్కేశాడు.

మొన్న ఆఫీసులో మేనేజరు పిలిచాడు. "పెద్ద కంపెనీలన్నీ ఇప్పుడు నెట్లో ఊరికే దొరికే ఓపెన్ సోర్స్ మీదే నడుస్తున్నాయి. మన చీరల క్లయింటు వాడేదీ అలాంటిదే. అంచు మూల తిరిగే చోట మామిడిపిందె తలకిందులవుతోంది, చూడు."

తెరిస్తే తమ ప్రోగ్రామే! పదమూడు దేశాల వాళ్ళు చేయి వేశారు. పాత లైన్లన్నీ పోయాయి, ఒక్కటి తప్ప. దాని పక్కన తన రాతే: "జ్యోత్స్నా, ఈ పిందె సంగతి టీ తాగొచ్చి చూస్తా."

సరిచేసి పంపాడు. కింద రాశాడు: "టీ తాగినా. చూసినా. ఆ పొద్దు అరిచింది నాదే తప్పు."

ప్రోగ్రాములో ఏ మార్పు చేరాలన్నా జ్యోత్స్నే ఒప్పుకోవాలి. పది నిమిషాల్లో ఆమె జవాబు. "తొమ్మిదేళ్ళు తాగేకి అది టీనా, తుంగభద్రనా? నీ మార్పు ఇట్ల ఊరికే కలుపుకోను. ఎమ్మిగనూరికొచ్చి మా నాయన మగ్గం మీద చూపించు."

శనివారం వానలో తడుస్తూ వెళ్ళాడు. జ్యోత్స్న తండ్రి కాశప్ప మగ్గం గుంటలో కూర్చుని, కొత్త గళ్ళ కాగితం ముందు పెట్టుకున్నాడు.

"ఇన్నేళ్ళూ ఆ ఒక్క పిందెను నేనే చేత్తో తిప్పుకుంటాండానప్పా. ఈ పిల్ల ఆ లైను తాకనీదు. నలభై మంది సరిచేసి పంపినా వద్దనె."

"నీకు రాదా?" అన్నాడు ఉరుకుందు ఆమెతో.

"ఐదు నిమిషాల పని." జ్యోత్స్న వాన వైపు చూసింది. "నువ్వెట్లాగూ పోయినావు. నీ లైనన్నా ఉండనీ అని."

ఉరుకుందు వచ్చి మగ్గం పక్కన కూర్చున్నాడు. పోగును మోసుకుంటూ నాడె అటూ ఇటూ ఉరికింది. అంచు మూల తిరిగింది. పిందె తలెత్తుకుని నిలబడింది.

"పిందె తిరిగె, నువ్వూ తిరిగొస్తివి," అన్నాడు కాశప్ప. "ఇంగేం పాపా, కలుపుకో."

జ్యోత్స్న ఫోన్లో బటన్ మీద వేలుంచింది. "మళ్ళా టీకి పోతావా?"

"పోతా. నువ్వొస్తే."

నొక్కింది. పదమూడు దేశాలకు కబురు వెళ్ళింది. కాశప్ప కేక మాత్రం వంటింట్లోకే వెళ్ళింది. "బయటికేమిటికి? టీ ఈడే పెట్టండమ్మో!"