నీడ తప్పిన గుంటలు

"ఫోటోలు ఫ్రీ అంటావు, మరి నెట్టంతా ఎక్కడికి పోతోంది?" భర్త ఉమాశంకర్ మూడోసారి అడిగాడు.

"ఫోటోలే ఫ్రీ అండి. నెట్టు కాదు."

"చంద్రుడి మీద గుంటల కోసం నేను మ్యాచ్ మానుకోవాలా?"

కూతురు లిఖిత ఫోన్ పైకెత్తి పట్టుకుని, "నాన్న చెప్పింది కరెక్టేనమ్మా" అంది.

తెనాలిలో ఈ ఇంటివాళ్లకి దీప్తి డేటా ఎంట్రీ చేసుకునే ఇల్లాలు. బాపట్లలో కూర్చునే చీఫ్ ప్రకాశానికి ఏజెంట్ పదకొండు.

ఇదంతా మొదలైంది ఆ ఉదయం వచ్చిన బ్రీఫింగ్‌తో. "మన ల్యాండర్ సాయంత్రం ఆరుకి చంద్రుడి మీద దిగుతుంది. దాని మ్యాపులో ఒక ఫోటోని విదేశీ ముఠా మార్చింది. బండరాయి కనపడకుండా వేరే నేల అతికించారు. అదేదో కనిపెట్టు."

దీప్తి గాజులమ్మే మనిషి వేషంలో రేపల్లె స్టేషన్‌కి వెళ్లింది. నల్లకళ్లద్దాలతో సాయి సుధ వచ్చింది. ముఠాలో ఉన్న మన ఏజెంట్.

"పచ్చ గాజులున్నాయా?"

"పున్నమికి వస్తాయండి."

కోడ్ కలిసింది. మ్యాపు ఫోటోలున్న పెన్‌డ్రైవ్ గాజుల పెట్టెలో పడింది. "నాలుగొందల పన్నెండో ఫోటో" అని గొణిగి సాయి సుధ వెళ్లిపోయింది.

అసలు ఫోటోలు ఎవరైనా దించుకోగల పబ్లిక్ ఆర్కైవ్‌లో ఉన్నాయి. ఒక్కోటి దిగడానికి గంటన్నర. దీప్తి ఆ నాలుగొందల పన్నెండోది దించి, పెన్‌డ్రైవ్‌లోదానితో పోల్చింది. వెంట్రుకంత తేడా లేదు. సాయి సుధ రెండువైపులా ఆడుతోంది!

టైము నాలుగుంపావు. ఇంకొక్క ఫోటోకే వ్యవధి. ఉన్నవి ఆరువందలు. ఏడుపొచ్చేంత విసుగొచ్చింది. దాచిన రహస్యమైతే దొంగిలించొచ్చు. అందరి ముందూ పడి ఉన్నదాన్ని ఏం చెయ్యాలి? పెన్‌డ్రైవ్‌లోని ఫోటోలు ఒక్కొక్కటే తిప్పసాగింది.

అత్త దుర్గాంబ మేడ మీంచి వడియాల పళ్లెం దించుకొచ్చి, స్క్రీన్ మీదికి వంగింది. కాసేపు అలాగే చూసింది.

"ఆగవే. ఇందులో గుంటలన్నిటికీ నీడ ఎడంపక్కనుంది. ఈ మూడిటికీ కుడిపక్కకుందేంటి? ఒక్క ఎండలో రెండు వైపుల నీడలు ఎట్టా పడతాయే?"

ఎనభై ఏడో ఫోటో. దీప్తి అసలుది డౌన్‌లోడ్‌కి పెట్టింది.

అయిదూ యాభై. తొంభై ఏడు శాతం. మ్యాచ్ తిరగట్లేదని, ఒకసారి ఆపి పెడదామని ఉమాశంకర్ రౌటర్ ప్లగ్గు మీద చెయ్యి వేశాడు.

"చెయ్యి తియ్యరా!" దుర్గాంబ అరిచిన అరుపుకి లిఖిత ఫోన్ జారవిడిచింది.

వంద. అసలు ఫోటోలో ఆ మూడు గుంటలున్నచోట ఇల్లంత బండ. దీప్తి ఫోటోతోపాటు సాయి సుధ సంగతీ చీఫ్‌కి పంపేసింది.

ఆరూ అయిదుకి చీఫ్ ఫోన్. "చివరి నిమిషంలో పక్కకి మళ్లించాం. దిగింది. సాయి సుధ బాపట్ల ప్లాట్‌ఫారం మీద దొరికింది. ఆ ఫోటో ఎలా పట్టావు?"

"లోకల్ సోర్స్ సార్."

లాప్‌టాప్ మూసి, అందరికీ వినపడేలా భర్తతో చెప్పింది: "రేపట్నించి అత్తయ్య నాతో పని చేస్తారు. వంట మీరూ, లిఖితా చూసుకోండి."

దుర్గాంబ అప్పటికే కళ్లజోడు తుడుచుకుంటోంది.