నొప్పి కాదు, తీపులు

ఆ ఉదయం ఎల్లారావు మంచం దిగడానికి గోడ పట్టుకోవలసి వచ్చింది. జాలరిపేటలో ఇళ్ళన్నీ ఇరుకే కాబట్టి గోడ చేతికి అందేంత దూరంలోనే ఉంది, భార్య గంగాలమ్మ కంట పడలేదు. తొడలు బండల్లా బిగిసిపోయాయి. చేపల వేట నిషేధం ఎత్తేశాక బోటు సముద్రం మీదికి వెళ్ళింది మొన్ననే. రెండు నెలలు ఒడ్డున కూర్చుని వలల అల్లికలు చూసుకున్న మనిషి, ఒక్కసారిగా నిండు వల లాగాడు. ఆ తర్వాత సముద్రం పోటెత్తి బోట్లన్నీ ఒడ్డునే ఉండిపోయాయి. నిన్న కొంచెం బరువుగా ఉందనుకున్నాడు. ఇవాళ ఆ కాళ్ళు తనవి కానట్టున్నాయి.

కూతురు జ్యోతిర్మయి ఫిజియోథెరపీలో పెద్ద చదువు చదువుతోంది. చాలాకాలం ఖాళీగా ఉండి ఒక్కసారిగా కష్టం చేసినవాళ్ళ కండలు ఎలా బిగుసుకుంటాయి, ఎంత నొప్పి పెడతాయి అన్నది ఆమె పరిశోధన. కొలవడానికి తండ్రి బోటు వాళ్ళనే ఎంచుకుంది. కాళ్ళు బార్లా చాపి, అరికాళ్ళు ఒక చెక్కపెట్టెకి ఆనించి, ముందుకి వంగి చేతులు ఎంతవరకు చాపగలరో నిషేధానికి ముందు ఒకసారి చూసింది, ఇప్పుడు మళ్ళీ చూస్తోంది. మగోళ్ళ కాళ్ళు కొలిచే చదువేమిటని పేటలో ఎవరో వెక్కిరిస్తే, గంగాలమ్మ చేపల బుట్ట దించి మరీ వాళ్ళ నోరు మూయించింది.

ఆ పొద్దున తండ్రి వంతు వచ్చింది. నిషేధం ముందు కాలివేళ్ళు దాటిన చెయ్యి, ఇప్పుడు పిక్క సగంలో ఆగిపోయింది. నొప్పి ఉందా అని జ్యోతి అడిగింది. లేదన్నాడు. ఆమె కాగితం వంక చూసి మెల్లగా తల అడ్డంగా ఆడించింది. ఎల్లారావు ఆ తల ఆడించడం చూశాడు. లేచి, బోటు యజమాని తాతబాబు దగ్గరికి వెళ్ళి, తన చోటు ఎవరికైనా ఇచ్చుకోమని చెప్పేసి వచ్చాడు.

మధ్యాహ్నానికి ఆ కబురు చేపల బజారు చుట్టి గంగాలమ్మకి చేరింది. ఇంటికొచ్చి బుట్ట దించకుండానే గుమ్మంలో నిలబడింది.

"బోటు దిగిపోతన్నావంట. ఆ మాట నాకు సేపలు కొనుక్కోడానికొచ్చినావిడ సెప్పాలా?"

"దిగిపోతన్నాను."

"దిగి ఏటి సేత్తావు?"

"ఏదో అపార్టుమెంటు కాడ వాచ్‌మేన్‌గా కూకుంటాను."

"సంద్రం కనపడకపోతే ముద్ద దిగదు నీకు. గేటు కాడ కూకుని కార్లకి సలాము కొడతావా?"

లోపలి గదిలోంచి జ్యోతి వచ్చింది. ఎవరేమన్నారు నాన్నా అని అడిగింది.

"నువ్వే సెప్పినావు కదమ్మా."

"నేనేం చెప్పాను?"

"తలాడించినావు. మా అన్నయ్య పోయే ముందు సూసిన డాక్టరు కూడా నోటితో ఏటీ సెప్పనేదు. అలాగే తలాడించినాడు. నా ఒళ్ళు అయిపోయిందని నాకు తెలిసిపోయింది. ఇంక ఒకరికి బరువెందుకు?"

గంగాలమ్మ బుట్ట దించేసింది. జ్యోతి తండ్రి ముందు నేల మీద కూలబడింది.

"అందుకు కాదు నాన్నా. పిక్క దాటి చెయ్యి వెళ్ళడం లేదు, నొప్పి మాత్రం లేదంటావు. నువ్వే కాదు, తాతబాబు మామతో సహా అందరిదీ అదే మాట. వాళ్ళు నిజం చెప్పడం లేదని మా మేడం అంటోంది. నా పని మొత్తం తప్పిందనుకుని తలాడించాను."

"నానెందుకు అబద్దమాడతాను తల్లీ? దెబ్బ తగిల్తే నొప్పి. గేలం దిగితే నొప్పి. నొప్పి నిజంగా నేదు. ఇయ్యి తీపులు. ఒళ్ళంతా తీపులు."

"నీ దగ్గిర నొప్పి నేదంటాడు గానీ, తీపులని నిన్నట్నించీ నా సేత నూనె రాయించుకుంతన్నాడు," అంది గంగాలమ్మ.

జ్యోతి ముందు నవ్వింది. ఆ నవ్వులోనే కళ్ళు నిండిపోయాయి. ఇంగ్లీషు ప్రశ్నని తెలుగులోకి మార్చుకున్నప్పుడు నొప్పి అనే రాసుకుంది. పుట్టిన దగ్గర్నుంచి ఈ ఇంట్లో వింటున్న మాట ఒక్కసారి కూడా గుర్తు రాలేదని, రేపు పొద్దున్న మళ్ళీ అందర్నీ అడుగుతానని అంది. తర్వాత తండ్రి తొడ మీద వేలు ఆనించి మెల్లగా చెప్పింది.

"అలవాటు తప్పిన పని ఒక్కసారిగా చేస్తే, కండలో కంటికి కనబడనంత సన్నటి పోగులు చిట్లుతాయి. వాటిని ఒళ్ళు తనే బాగుచేసుకుంటుంది. ఆ పని జరిగే రోజుల్లో వచ్చేవే ఈ తీపులు. నీ ఒళ్ళు అయిపోలేదు నాన్నా. లోపల పని చేసుకుంటోంది."

ఒళ్ళు సాగదీసుకుంటే పోతాయా అని అతను అడిగాడు. హాయిగా ఉంటుంది గాని పెద్దగా తగ్గవంది. నాలుగు రోజుల్లో వాటంతటవే వదులుతాయట. మళ్ళీ అదే వల, అదే బరువు లాగినా ఇంతలేసి తీపులు రావట. కండ నేర్చుకుంటుందట. ఎల్లారావు ఊకొట్టాడు గాని నమ్మలేదు.

ఆమె చెప్పినట్టే తొడలు వదిలాయి. సముద్రం చల్లబడింది. వెళ్ళి అడిగితే, నీ సోటు ఎవుడికిచ్చాను బావా అని తాతబాబు తాడు అందించాడు. ఆ రోజు వల మొదటిసారి కన్నా బరువుగా పడింది. మర్నాడూ ఆ మర్నాడూ మంచం దిగేటప్పుడు భయం భయంగా కాళ్ళు కింద పెట్టాడు. కాస్త బరువు, అంతే. గోడ అవసరం లేకుండానే నిలబడ్డాడు.

నిలబడ్డవాడు మళ్ళీ కూర్చున్నాడు. తన తండ్రీ తాతా ప్రతి ఏడూ ఈ తీపులు పడ్డారు. సముద్రం తమ ఒళ్ళు కొద్దికొద్దిగా తినేస్తోందనే అనుకుని వెళ్ళిపోయారు. తినేవాళ్ళెవరూ లేరు. చీకట్లో, చర్మం కింద, ఎవరూ చెప్పకుండానే ఏదో కూర్చుని ఇన్నేళ్ళుగా తనని కట్టుకుంటూ వచ్చింది. తను నిద్రపోతున్నప్పుడు కూడా. తన తొడ మీద, నిద్రపోయే పసిపిల్లాడి మీద వేసినట్టు, చెయ్యి వేశాడు.

కాలేజీకి బయల్దేరుతున్న జ్యోతి గుమ్మంలో ఆగింది. ఏమైంది నాన్నా, మళ్ళీ తీపులా అని కంగారుపడింది.

ఎల్లారావు కళ్ళు తుడుచుకోలేదు.

"నేవమ్మా. లోపల ఏటవుతాదో ఇంకోసారి సెప్పు. మొదట్నుంచీ సెప్పు."

జ్యోతి సంచీ తీసి పక్కన పెట్టి, తండ్రి కాళ్ళ దగ్గర కూర్చుంది.